ఇంటి యంత్రములు: మిస్సింగు కొట్టు పాతకారు



గత మాసమున ఇంటి మోటారుపంపు నీరెత్తకపోవుటకు గల కారణములను గూర్చి వ్రాసితిని. ఈ మాసమున మా పాతకారు సంగతి వ్రాయుచున్నాను. కారు సంగతి ఆడువారికేల యని కొందఱనవచ్చును. పొయ్యిమీది పప్పు ఉడికినదో, అడుగంటినదో మూత తీయకుండగనే చెప్పగల గృహిణికి ఇంజను చప్పుడులోని తేడా తెలియకపోవునా? బండి చెడినప్పుడు అగు ఖర్చు మన ఇంటి పద్దులోనిదే. ఆ ఖర్చు దేనికో తెలియకుండ చెల్లించుట కంటె తెలిసికొని చెల్లించుట మేలు గదా!

మేము 2022లో పరిచయస్థుల యొద్ద 2014వ సంవత్సరపు పెట్రోలు కారొకటి కొంటిమి. నాలుగు సిలిండర్లది. మా వారు హైస్కూలు ఉపాధ్యాయులు. ఆ జీతముతో కారేమిటని మేమును జంకితిమి. కాని మా అత్తగారికి మూత్రపిండములు చెడి, వారమునకు రెండు పర్యాయములు నిడదవోలు నుండి రాజమహేంద్రవరము తీసికొనిపోయి డయాలిసిస్ చేయింపవలసి వచ్చినది. చికిత్స ముగియునప్పటికి వారికి కూర్చుండుటకైనను ఓపిక యుండదు. బస్సు ప్రయాణము పొసగదు. మా వారికి బడి. కాబట్టి నేనే బండి నడపుట నేర్చుకొంటిని.

2025 జూలై మాసమున, ఆషాఢపు ముసురులో, కొవ్వూరు వైపు నుండి రోడ్డు-రైలు వంతెన యెక్కుచుండగా బండి ఒక్కసారిగా వణకినది. యాక్సిలరేటరు త్రొక్కిన కొలది ముందునకు లాగుటకు మాఱుగా వెనుకకు గుంజినట్లు తోచినది. ఎదుటి పలకమీద ఇంజను బొమ్మగల పసుపుపచ్చని దీపము వెలుగుచు ఆఱుచు ఉండెను. వెనుక సీటులో పడుకొనియున్న అత్తగారు, “ఏమ్మా, బండి కుంటుతున్నట్టుందే!” అనిరి. ఆ యొక్క మాటలో రోగలక్షణమంతయు ఉన్నదని నాకు తరువాత తెలిసినది.

నలుగురు బోయీలు మోయు పల్లకిని తలచుకొనుడు. నలుగురును వంతు తప్పక అడుగువేసినచో లోనివారికి కుదుపు తెలియదు. ఒకని కాలు తడబడినచో పల్లకి యంతయు కుంటును. నాలుగు సిలిండర్ల ఇంజనును అట్టిదే. ప్రతి సిలిండరును గాలిని పెట్రోలుతో కలిపి పీల్చును, దానిని అదుమును, నిప్పురవ్వ తగిలి అది మండగా పిస్టను క్రిందికి తన్నబడును, పిమ్మట పొగను వెలికి నెట్టును. బండి నిలిచియుండి ఇంజను నిమిషమునకు 800 చుట్లు తిరుగుచున్నప్పుడు ఒక్కొక్క సిలిండరు నిమిషమునకు 400 మాఱులు మండవలెను. పెక్కు నాలుగు సిలిండర్ల బండ్లలో ఈ వంతు ఒకటి, మూడు, నాలుగు, రెండు అను వరుసను నడచును. ఇందేదియైనను తన వంతున మండకపోయినచో దానిని మెకానిక్కులు “మిస్సింగు” అందురు.

మండకపోవుటకు కారణములు చూచుటకు అనేకముగా నున్నను, నిజమునకు కొలదిగనే కలవు. కట్టెలపొయ్యి మండుటకు కట్టె, గాలి, నిప్పు కావలెను. ఇంజనుకు ఈ మూటికి తోడు అదుముడు, అనగా కంప్రెషను, కావలెను. పెట్రోలు చాలకపోయినను, మితిమీఱినను మండదు. గాలి దొంగదారిని చొరబడినను మండదు. ప్లగ్గునందు నిప్పురవ్వ పుట్టకపోయినను, తప్పు సమయమున పుట్టినను మండదు. పిస్టను రింగులో, వాల్వులో అరిగి అదుముడు చాలకపోయినను మండదు. మొదటి మూడును చిన్న ఖర్చుతో పోవచ్చును. నాలుగవది ఇంజను విప్పించును. కనుక చిన్నవి తోసివేయకుండ పెద్దదానిని ఒప్పుకొనరాదు. ఇది మొదటి సూత్రము.

రెండవ సూత్రము వైద్యులది. మంచి వైద్యుడు మందు వ్రాయుటకు ముందు “నొప్పి ఎప్పుడు వచ్చును?” అని యడుగును. మనమును అట్లే అడుగవలెను. బండి నిలిచియున్నప్పుడు తడబడి, వేగము పుంజుకొన్న కొలది సర్దుకొనుచున్నచో, ఏదో గొట్టము పగిలి గాలి లోనికి చొరబడుచున్నదేమో చూడవలెను. ఒక్కొక్కప్పుడు బుస్సుమను చప్పుడు వినవచ్చును. తిన్నని దారిలో బాగుండి, వేగముగా పోవునప్పుడే శక్తి చాలనిచో పెట్రోలు ఫిల్టరు, పంపు చూడవలెను. ఉదయమున మొదటి నిమిషము మాత్రము తడబడి, సైలెన్సరు నుండి తెల్లని పొగ దట్టముగ వచ్చి, రేడియేటరు నీరు దినదినము తఱుగుచున్నచో హెడ్డు గాస్కెటును శంకింపవలెను. ఎత్తు ఎక్కునప్పుడు, వానలో, తడబాటు హెచ్చినచో నిప్పురవ్వనే మొదట పట్టుకొనవలెను. ఏలయన, బరువు లాగునప్పుడు సిలిండరులోని అదుముడు హెచ్చును. ఆ యదుముడులో రవ్వ దూకుటకు వోల్టేజి ఇంకను ఎక్కువ కావలెను. విద్యుత్తునకు అంతకంటె సులభమైన దారి బయట దొరకినచో అది ఆ దారినే పోవును. మా బండి కుంటినది వంతెన యెత్తుమీద, ముసురులో.

చాలకాలము కదలక నిలిచిన బండికి మఱియొక చిక్కు కలదు. ఇప్పుడు మన పెట్రోలులో నూటికి 20 పాళ్ల వఱకు ఇథనాలు కలియుచున్నది. ఇథనాలు తేమను పీల్చును. సగము ఖాళీ ట్యాంకుతో నెలలతరబడి నిలిపిన బండి తడబడినచో పెట్రోలులో నీరు చేరినదేమో అని కూడ చూడవలెను.

ఇక ఆ మినుకుమినుకుమను దీపము మాట. అది నిలుకడగా వెలుగుచున్నచో తొందరలోనే చూపింపుమని యర్థము. మిణుకుచున్నచో వెంటనే వేగము తగ్గించి, సురక్షితమైన చోట నిలుపుమని యర్థము. మండని పెట్రోలు సైలెన్సరు గొట్టములోని కేటలిటిక్ కన్వర్టరులోనికి పోయి అక్కడ మండును. ప్లాటినము, పల్లేడియము, రోడియము వంటి విలువగల లోహముల పూత గల ఆ భాగము ఆ వేడికి కరగి పూడుకొనిపోవచ్చును. చిన్న రోగమును నిర్లక్ష్యపెట్టి పెద్దరోగమును కొనితెచ్చుకొనుట అట్లే. నేను వంతెనమీద నిలుపలేక, నెమ్మదిగా దాటి, అవతల నిలిపి, ఆటోలో అత్తగారిని ఆసుపత్రికి చేర్చితిని.

మన దేశమున 2013 నుండి తయారైన పెట్రోలు కార్లలో చాలవఱకు బండిలోని కంప్యూటరు తన తప్పులను తానే వ్రాసికొనును. స్టీరింగు క్రిందనున్న సాకెట్టుకు స్కానరు తగిలించినచో ఆ వ్రాత చదువవచ్చును. పి0300 అనిన ఏ సిలిండరని చెప్పలేని తడబాటు. అట్టప్పుడు పెట్రోలు, గాలి వంటి అన్నిటికి ఉమ్మడియైన కారణమును వెదకవలెను. పి0301 మొదలు పి0304 వఱకు కడపటి అంకె సిలిండరు సంఖ్య. మా బండి పి0302 అని చెప్పినది. అనగా తడబడిన బోయీ రెండవవాడు.

అయితే కంప్యూటరు ఎవరు తడబడిరో చెప్పును గాని ఎందుకు తడబడిరో చెప్పదు. ఇచ్చట నాకు చిన్ననాటి చదువు పనికివచ్చినది. మా తండ్రిగారు అన్నంభట్టు తర్కసంగ్రహము చెప్పుచు, అన్వయ వ్యతిరేకములను విడమఱచిరి. ఏది యున్నచోట ఇదియు నుండునో, ఏది లేనిచోట ఇదియు లేదో, అప్పుడు గాని ఆ రెంటికి సంబంధము తేలదు. పొగకు నిప్పునకు గల సంబంధమునకు ఆ శాస్త్రమున చూపిన దృష్టాంతము వంటయిల్లే! వంటయింటివారికి తర్కమేల యని ఎవరైన అనినచో ఈ మాట చెప్పుడు.

మా బండిలో ఒక్కొక్క ప్లగ్గుమీద ఒక్కొక్క కాయిలు కలదు. ఇంజను బాగుగా చల్లాఱిన పిమ్మట, ఆపివేసి, రెండవదాని కాయిలును మూడవదానిమీద, మూడవదానిని రెండవదానిమీద పెట్టించితిని. పాత వ్రాతను చెఱిపించి, బండి నడపి, మఱల చదివించితిని. ఈ మాఱు పి0303 వచ్చినది. కాయిలు పోయినచోటికి తడబాటు పోయినది. కాయిలు లేనిచోట తడబాటు లేదు. కాబట్టి దోషము కాయిలుదే. పైసా ఖర్చులేని పరీక్ష యిది. కాయిలు మార్చినను తప్పు రెండవ సిలిండరులోనే నిలిచినచో ప్లగ్గును, పిదప పెట్రోలు చిమ్ము ఇంజెక్టరును, కడపట అదుముడును చూడవలెను. 2,300 రూపాయలతో క్రొత్త కాయిలు వేయించితిని. బండి నెమ్మదించినది. నేను కొంత గర్వపడితినని ఒప్పుకొనుచున్నాను.

ఆ గర్వము ఇరువది దినములు నిలువలేదు. మఱల పి0302. ఈ మాఱు మేము చూపించినది వేఱొక షెడ్డు. మెకానిక్కు రెండవ ప్లగ్గు విప్పి చూపెను. అది నూనెలో ముంచి తీసినట్లుండెను. “అమ్మగారండీ, రింగులు అరిగిపోయాయండి. ఆయిలు పైకొచ్చేస్తోంది. ఇంజను విప్పి బోరు చేయించాలండి, నలభై అయిదు వేలు దాకా అవుద్దండి” అనెను. పని పూర్తియగుటకు పదునైదు దినములట. ఆ దినములలో అత్తగారి ప్రయాణమెట్లు? మా వారు ఆ రాత్రి మాటలాడక పద్దు పుస్తకము ముందు కూర్చుండిరి. పిల్లవాని కాలేజి ఫీజు కట్టినది అంతకు వారము ముందే. నా గాజులు బ్యాంకులో పెట్టుదమని నేనే అంటిని. అత్తగారు విని, “నా కోసం అవి పెట్టకమ్మా, ఇక ఈ రక్తం కడిగించుకోవడం మానేస్తాను” అనిరి. అది మానుట యనగా ఏమో మా ముగ్గురకును తెలియును.

నాకు నిద్రపట్టలేదు. మెకానిక్కు అబద్ధమాడెనని కాదు. ప్లగ్గున నూనె నేనును చూచితిని. కాని నూనె ఎక్కడనుండి వచ్చినది? రింగుల నుండి పైకి వచ్చినచో ప్లగ్గు క్రిందికొనకు, అనగా రవ్వ పుట్టుచోట, అంటవలెను. పై నుండి దిగినచో ప్లగ్గు పైభాగమునకు, పింగాణికి, కాయిలు రబ్బరు తొడుగునకు అంటవలెను. క్రొత్త కాయిలు వేయించిన దినమున పాత కాయిలు తొడుగు జిడ్డుగా నుండుటను నేను చూచితిని, చూచి పట్టించుకొనలేదు. రోగమును పట్టితిని గాని రోగకారణమును పట్టలేదు. ఆ నూనెలో నానినందున క్రొత్త తొడుగును మెత్తబడి, రవ్వ ప్లగ్గు కొనకు పోవుటకు మాఱుగా ప్రక్క గోడకు దూకుచుండవచ్చును.

మఱి క్రిందికొన సైతము తడిసియుండెను గదా? ప్లగ్గు ఒక లోతైన గుంటలో నుండును. గుంటలో నిలిచిన నూనెను తుడువకుండ ప్లగ్గు విప్పినచో ఆ నూనె దారివెంట జాఱి అంతటిని తడుపును. నాటి దినము జరిగినది అదే. పైగా సైలెన్సరు నుండి నీలిపొగ నేనెన్నడును చూడలేదు; రింగులు పోయి నూనె మండినచో నీలిపొగ వచ్చును. పెట్రోలు మితిమీఱిన పొగ నల్లనిది. నూనె కొలత పుల్లలో మట్టము నెలకు కొంచెమే తగ్గుచుండెను.

మఱునాడుదయమున మెకానిక్కుతో, “నాయనా, ఇంజను విప్పుటకు ముందు రెండు పరీక్షలు చేయుము. వాని కూలి వేఱుగా ఇచ్చెదను” అంటిని. అతడు మొదట నవ్వెను గాని మంచివాడు, ఒప్పుకొనెను. మొదటిది: నాలుగు గుంటలను గాలితో ఊది, గుడ్డతో తుడిచి, తుడిచిన ప్లగ్గును మఱల బిగించి, బండి కొంత నడపి, చల్లాఱనిచ్చి, గుంటను ఇంకొకమాఱు తుడిచి ప్లగ్గు తీయుట. అట్లు తీయగా క్రిందికొన పొడిగా, లేత గోధుమరంగున నున్నది. ఇది ఆరోగ్యమైన రంగు. పొడి మసి పట్టి నల్లగా నున్నచో పెట్రోలు ఎక్కువ. తెల్లగా కాలి పొక్కినచో వేడి ఎక్కువ. జిడ్డుగా తడిసినచో నూనె లోపలిది.

రెండవది కంప్రెషను పరీక్ష. ప్లగ్గులన్నియు తీసి, పెట్రోలు అందకుండ చేసి, ప్లగ్గు రంధ్రమున గేజి బిగించి, యాక్సిలరేటరు నిండుగా త్రొక్కి, సెల్ఫు కొన్ని చుట్లు త్రిప్పవలెను. మా బండిలో చదరపు అంగుళమునకు 170, 165, 170, 170 పౌండ్లు చూపినది. సంఖ్యలకంటె వాని సామ్యము ముఖ్యము. ఒకటి మిక్కిలి తక్కువైనచో ఆ సిలిండరులో ఒక చెంచాడు ఇంజను నూనె పోసి మఱల కొలువవలెను. కొలత పెరిగినచో రింగులు అరిగినవి. పెరగనిచో వాల్వు గాని, హెడ్డు గాస్కెటు గాని చెడినది. మాకు ఆ చెంచాడు నూనె అవసరము రాలేదు. మెకానిక్కు గేజిని రెండుమాఱులు చూచి, “అయితే ట్యాపెట్ కవరు ప్యాకింగండి” అని తానే అనెను.

ఇంజనుమీది ట్యాపెట్ కవరునకు చుట్టును ఒక రబ్బరు ప్యాకింగు, ప్లగ్గు గుంటల చుట్టును చిన్న సీళ్లు ఉండును. పదేండ్లు దాటిన బండిలో వేడికి అవి గట్టిపడి బీటలువాఱును; పైనున్న నూనె గుంటలోనికి ఊఱును. ప్యాకింగు, సీళ్లు, నాలుగు ప్లగ్గులు, ఒక కాయిలు తొడుగు, కూలి కలిసి 3,850 రూపాయలైనవి. ఒక పూట పని. ఇది వ్రాయునాటికి మఱల ఆ దీపము వెలుగలేదు.

మీ బండికి ఇట్టి తడబాటు వచ్చినచో ఈ క్రమమును గుర్తుంచుకొనుడు:

ఎప్పుడు, ఎక్కడ, ఎంత వేడిమీద, వానలోనా ఎండలోనా, ఎత్తులోనా పల్లములోనా తడబడినదో ఒక పుస్తకమున వ్రాసికొనుడు. మెకానిక్కునకు అది చూపినచో సగము పని తీఱును.

దీపము మిణుకుచున్నచో నడపకుడు. పెట్రోలు వాసన వచ్చినచో ఇంజను ఆపి, అందఱును దిగుడు.

కాయిలు, ప్లగ్గు వంటివానిని ఇంజను చల్లాఱిన పిదపనే ముట్టుడు. నడుచుచున్న ఇంజనులో రవ్వ తీగలను, కాయిళ్లను చేతితో తాకరాదు. వాని వోల్టేజి వేలకొలదిగా నుండును. ప్లగ్గును మొదట చేతివ్రేళ్లతో త్రిప్పి మరలు కుదిరిన పిమ్మటనే పానా వేయవలెను. మరలు చెడినచో హెడ్డుకే చేటు.

మీది కంప్యూటరు లేని కార్బురేటరు బండియైనచో డిస్ట్రిబ్యూటరు మూతలో బీటలు, తేమ, ప్లగ్గు తీగలలో చీలికలు మొదట చూపించుడు. చీకటిలో బానెటు ఎత్తి దూరమునుండి చూచినచో, చెడిన తీగవెంట నీలిరవ్వలు కనబడుటయు కలదు.

ఒక్కొక్క వస్తువునే మార్చి ఫలితము చూడుడు. ఒక్కమాఱు నాలుగు మార్చినచో బండి బాగుపడవచ్చును గాని రోగమేదో మనకు తెలియదు. అది మఱల వచ్చినప్పుడు మఱల నాలుగు మార్చవలసియుండును.

చెడిన వస్తువును మార్చుచున్నప్పుడు “ఇది ఎందుకు చెడినది?” అని ఒకమాఱడుగుడు. నేను ఆ ప్రశ్న మొదటనే యడిగియున్నచో రెండవ ప్రయాణపు కష్టము, ఆ రాత్రి మాటలు ఉండెడివి కావు.

పాతబండి కొనువారికొక మాట. అమ్మువారు ముందే ఇంజను వేడిచేసి యుంచకుండ, ఉదయమున చల్లని ఇంజనును మీ యెదుటనే స్టార్టు చేయించి వినుడు. పొగ రంగు చూడుడు. ట్యాపెట్ కవరు అంచున చెమట వంటి నూనె యున్నదేమో తడవి చూడుడు. స్కానరు తగిలించి చూపుమనుడు. వీనికి సంకోచించువారి బండి కొనకుండుట మేలు.

మా అత్తగారు ఇప్పుడును వారమునకు రెండు పర్యాయములు గోదావరి దాటుచున్నారు. వంతెన యెక్కునప్పుడు కొంచెము చెవియొగ్గి విని, “బాగానే నడుస్తోందమ్మా” అని కన్నులు మూసికొందురు. గాజులు నా చేతులనే యున్నవి.

వచ్చు మాసమున ఇన్వర్టరు బ్యాటరీకి నీరెప్పుడు, ఎంత పోయవలెనో, ఏ నీరు పోయరాదో వ్రాసెదను. మీ యిండ్లలోని యంత్రములను గూర్చి సందేహములున్నచో లక్షణములను, అవి కనబడు సమయములను వివరముగా వ్రాయుడు.